గిరీశం దగాకోరే, కాని రోగి కాడు

గురజాడ అప్పారావు గారి 'కన్యాశుల్కం' నాటకాన్ని కొత్తగా చదువుతున్న యువతీయువకుల నోట ఈమధ్య ఒక మాట తరచుగా వింటున్నాను. గిరీశం 'సోషియోపాత్' అట! కొందరు మరొక అడుగు ముందుకు వేసి 'సైకోపాత్' అంటున్నారు. లక్షణాల పట్టికను ఒక చేత, నాటకాన్ని ఒక చేత పట్టుకొని, 'అబద్ధాలాడతాడు, పరుల సొమ్ము తింటాడు, ఆడవారిని వంచిస్తాడు, చేసినదానికి చింతించడు, కనుక రోగనిర్ణయం పూర్తయింది' అని తీర్పు చెబుతున్నారు.

ఆ తీర్పు తప్పు అని చెప్పడానికే ఈ వ్యాసం. గిరీశాన్ని వెనకేసుకొని రావడం నా ఉద్దేశం కాదు. అతడు దగాకోరు, అవకాశవాది, మాటకారి. ఈ మూడు తెలుగు మాటలూ అతనికి చక్కగా సరిపోతాయి. కాని దుర్మార్గానికి మర్యాదపూర్వకమైన పర్యాయపదం కాదు రోగనామం. ఆ పేరు వైద్యశాస్త్రం ప్రకారం గిరీశానికి నిలవదు. నిలవని పేరును తగిలించడం వలన హాని కలిగేది గిరీశానికి కాదు, అతడు కాగితం మీది మనిషి. హాని కలిగేది మన మధ్య జీవిస్తున్న వారికి.

నేను మానసిక వైద్య నిపుణుడిని కాను. ప్రభుత్వ ఆసుపత్రులలో పనిచేసి విరమించిన సామాన్య వైద్యుడిని. అయితే ఒక మనిషికి ఒక రోగం పేరు పెట్టే ముందు ఏమేమి చూడాలన్నది ఏ శాఖ వైద్యునికైనా మొదటి పాఠమే.

గిరీశం చేసినవి ఏమిటి?

నాటకం చదివి చాలాకాలమైన వారి కోసం, 1955లో వచ్చిన చలనచిత్రంలో ఎన్.టి. రామారావు గారి గిరీశాన్ని మాత్రమే చూసిన వారి కోసం, క్లుప్తంగా చెబుతాను. గిరీశం విజయనగరంలో ఇంగ్లీషు ముక్కలు నేర్చిన యువకుడు. సంస్కరణల మీద ఉపన్యాసాలు దంచుతాడు. వేశ్యావృత్తిని ఖండించే నోటితోనే మధురవాణి ఇంటికి రాకపోకలు సాగిస్తాడు. పూటకూళ్ళమ్మకు సంతలో సామాను కొనిపెడతానని ఇరవై రూపాయలు తీసుకొని ఆ సొమ్మును మధురవాణి మీద ఖర్చుపెడతాడు. ఆమె చీపురుకట్టతో వెదుక్కుంటూ వచ్చినప్పుడు మంచం క్రింద దూరతాడు. దెబ్బలు అప్పటికే అక్కడ దాగి ఉన్న రామప్పపంతులుకు తగులుతాయి. గిరీశం తప్పించుకొని పోతాడు.

ఊరిలో అప్పులు పెరిగి నిలువనీడ లేనప్పుడు, పరీక్ష తప్పిన శిష్యుడు వెంకటేశాన్ని వెంటబెట్టుకొని, చదువు చెప్పే నెపంతో కృష్ణరాయపురం అగ్రహారం చేరతాడు. అక్కడ గురుశిష్యులిద్దరూ పొంతన లేని ఇంగ్లీషు అప్పజెప్పి వెంకటేశం తల్లిని మురిపిస్తారు. ఆమె పెద్ద కూతురు, బాలవితంతువు బుచ్చమ్మకు తియ్యని కథలు చెప్పి నమ్మించి, పెళ్ళి చేసుకొంటానని లేవదీసుకొని పోతాడు. చివరకు విశాఖపట్నంలో సౌజన్యారావు పంతులు గారికి ఇతని అసలు చరిత్ర మధురవాణి వలన తెలుస్తుంది. పథకం విఫలమవుతుంది. తెర పడే ముందు గిరీశం నోట వెలువడే చివరి మాట తెలుగువారందరికీ కంఠస్థమే. అందులో ఉన్నది ఎత్తు పారలేదన్న చిరాకు. పశ్చాత్తాపం అందులో లేదు.

ఇదీ నేరారోపణ పత్రం. ఇందులో ఒక్క అంశాన్నీ నేను కాదనను.

ఆ మాట ఎక్కడినుండి వచ్చింది?

బుద్ధి చక్కగా పనిచేస్తూ, భ్రమలూ భ్రాంతులూ లేకుండా, నడవడి మాత్రమే వికృతంగా ఉండే మనుషులను గురించి పందొమ్మిదవ శతాబ్దపు ఆరంభంలోనే ఫ్రాన్సులో ఫిలిప్ పినెల్ వ్రాశాడు. 1835లో ఇంగ్లండులో ప్రిచర్డ్ దీనిని 'నైతిక ఉన్మాదం' అన్నాడు. 1891లో, అంటే 'కన్యాశుల్కం' తొలిసారి రంగస్థలం మీదికి రావడానికి ఒక సంవత్సరం ముందు, జర్మనీలో కోహ్ 'సైకోపతిక్' అనే మాటను ఇటువంటి వ్యక్తిత్వాలకు వాడాడు. 'సోషియోపాత్' అన్న మాటకు 1930లో అమెరికాలో పార్ట్‌రిడ్జ్ ప్రాచుర్యం కల్పించాడు.

అమెరికన్ మానసిక వైద్య సంఘం వారి రోగనిర్ణయ గ్రంథం డి.ఎస్.ఎం. 1952 నాటి మొదటి కూర్పులో సోషియోపతి ప్రస్తావన ఉంది. 1968 నాటి రెండవ కూర్పులో ఆ మాట తొలగిపోయింది. 1980 నుండి అక్కడ ఉన్న పేరు 'సంఘవ్యతిరేక వ్యక్తిత్వ రుగ్మత'. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి వర్గీకరణలోనూ 'సోషియోపాత్' అనే రోగనామం లేదు. అంటే నేడు మనం ఎవరికైనా తగిలిస్తున్న ఈ మాటను మానసిక వైద్యులు యాభై ఏళ్ళకు ముందే తమ పుస్తకం నుండి తీసివేశారు. వైద్యులు వదిలిన మాటను తిట్టుగా ఏరుకొన్నది లోకం.

సరే, పేరు మారితే రుగ్మత పోదు కదా అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. అందుచేత నేటి పేరుతోనే, నేటి కొలమానంతోనే గిరీశాన్ని పరీక్షిద్దాం.

ఏడు లక్షణాలు, ఒక గిరీశం

2013లో వెలువడిన డి.ఎస్.ఎం. ఐదవ కూర్పు ఏడు లక్షణాలను చెబుతుంది. వాటిలో కనీసం మూడు ఉండాలి.

మొదటిది, అరెస్టుకు తగిన చట్టవిరుద్ధ కార్యాలను పదే పదే చేయడం. పూటకూళ్ళమ్మ సొమ్ము కాజేయడం నమ్మకద్రోహమే. బుచ్చమ్మను తండ్రికి తెలియకుండా తీసుకొనిపోవడం వ్యాజ్యానికి దారితీసే పనే. కాని వితంతువును వివాహమాడడం నేరం కాదు. దానిని 1856లోనే చట్టం అనుమతించింది. రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం గారు 1881 డిసెంబరు 11న మొదటి వితంతు వివాహం జరిపించారు. పదే పదే నేరం చేసిన చరిత్ర గిరీశానికి నాటకంలో కనిపించదు. దీనికి సగం మార్కు వేద్దాం.

రెండవది, వంచన. పూర్తి మార్కులు. ఇందులో వాదన లేదు.

మూడవది, ముందువెనుకలు చూడని దుడుకుతనం. ఖర్చు విషయంలో గిరీశానికి రేపు అనేది లేదు. కాని బుచ్చమ్మ విషయంలో ఎంత ఓపికగా, ఎంత క్రమంగా వల పన్నాడో చూడండి. తల్లిని మెప్పించి, తండ్రిని వ్యాజ్యాల కాగితాలతో లోబరచుకొని, తమ్ముణ్ణి దూతగా చేసుకొని, ఆ తరువాతనే ఆమె దగ్గరకు వచ్చాడు. ఇది దుడుకుతనం కాదు. సందేహాస్పదం.

నాలుగవది, చిరాకు, కొట్లాటలు, దౌర్జన్యం. మంచం క్రింద దూరేవాడికి ఇది అంటగట్టలేము. లేదు.

ఐదవది, తన ప్రాణాన్ని గాని, పరుల ప్రాణాన్ని గాని లెక్కచేయని తెగువ. లేదు. గిరీశానికి తన చర్మం మీద మిక్కిలి ప్రీతి.

ఆరవది, ఉద్యోగంలో, ఋణాలలో నిరంతర బాధ్యతారాహిత్యం. ఉంది.

ఏడవది, పరులను బాధించినా పశ్చాత్తాపం లేకపోవడం, దానిని సమర్థించుకోవడం. ఉంది.

లెక్క చూడండి. వంచన, బాధ్యతారాహిత్యం, పశ్చాత్తాపం లేమి. మూడు వచ్చాయి! 'ఇంకేం, గిరీశం దొరికిపోయాడు' అంటారు మీరు. సరిగా ఇక్కడే పట్టికతో వైద్యం చేసేవాడికీ, వైద్యుడికీ తేడా వస్తుంది.

పట్టిక చెప్పనివి

ఆ ఏడు లక్షణాలకు ముందూ వెనుకా మరికొన్ని షరతులు ఉన్నాయి. తొందరలో ఉన్నవారు వాటిని చదవరు. ఇతరుల హక్కులను లెక్కచేయని ఈ నడవడి పదిహేనేళ్ళ వయసు నుండి, జీవితంలోని అన్ని రంగాలలోనూ వ్యాపించి ఉండాలి. పదిహేనేళ్ళ లోపుననే 'ప్రవర్తనా రుగ్మత' మొదలైనట్లు ఆధారం కావాలి. అంటే మనుషుల మీద, జంతువుల మీద క్రూరత్వం, ఆస్తులను ధ్వంసం చేయడం, దొంగతనాలు, ఇంటినుండి బడినుండి పారిపోవడం వంటివి బాల్యంలోనే ఉండాలి. వ్యక్తికి పద్దెనిమిదేళ్ళు నిండాలి. ఇతర మానసిక వ్యాధుల వలన వచ్చిన ప్రవర్తన కాకూడదు.

గిరీశం బాల్యం ఎటువంటిది? మనకు తెలియదు. గురజాడ వారు చెప్పలేదు. తల్లిదండ్రులు ఎవరో, బడిలో ఎట్లా ఉండేవాడో, పిల్లినో కుక్కనో హింసించాడో లేదో నాటకంలో లేదు. నాటకంలో లేనిది గిరీశం జీవితంలోనూ లేదు, ఎందుకంటే నాటకానికి బయట అతనికి జీవితమే లేదు. సజీవుడైన మనిషి విషయంలో ఆధారం దొరకకపోతే తల్లిని అడుగుతాము, అన్నను అడుగుతాము, బడి రికార్డులు చూస్తాము. గిరీశం విషయంలో అడగడానికి ఎవరూ లేరు. తప్పనిసరి ఆధారం లేనిదే రోగనిర్ణయం లేదు. ఈ ఒక్క కారణంతోనే కేసు కొట్టివేయవచ్చు.

కాని నేను సాంకేతిక కారణంతో గెలవదలచుకోలేదు. ఇంతకంటె లోతైన అభ్యంతరం మరొకటి ఉంది.

మీలో చాలామందికి విడాల్ పరీక్ష తెలుసు. జ్వరం వచ్చిన ప్రతివారికీ ఆ పరీక్ష చేయించి, కాగితం మీద ఏదో ఒక సంఖ్య కనిపించగానే 'టైఫాయిడ్' అనడం మన ఊళ్ళలో పరిపాటి. టైఫాయిడ్ విస్తారంగా ఉన్న ప్రాంతాలలో, ఏ జ్వరమూ లేని ఆరోగ్యవంతుల రక్తంలో కూడా కొద్ది పరిమాణంలో ఆ ప్రతిరక్షకాలు ఉంటాయి. కనుక అక్కడ స్వల్పమైన సంఖ్య దేనినీ నిరూపించదు. పరీక్ష ఫలితాన్ని చదివే ముందు ఆ ఊరిలో సాధారణ స్థితి ఏమిటో తెలిసి ఉండాలి.

ఇప్పుడు అదే సూత్రంతో 'కన్యాశుల్కం' ఊళ్ళను చూడండి. కోర్టు తగవులనే జీవనోపాధిగా చేసుకొన్న రామప్పపంతులుకు వంచన ఉంది, బాధ్యతారాహిత్యం ఉంది, పశ్చాత్తాపం మచ్చుకైనా లేదు. మూడు మార్కులు! అగ్నిహోత్రావధానులకు చిరాకు, దౌర్జన్యం పేరులోనే ఉన్నాయి. పెద్ద కూతురును ముసలివానికి కట్టబెట్టగా ఆమె వితంతువై కళ్ళెదుట తిరుగుతున్నా, రెండవ కూతురు సుబ్బిని పద్దెనిమిది వందల రూపాయలకు మరొక ముసలివానికి ఇవ్వడానికి సిద్ధపడ్డాడు. పశ్చాత్తాపం ఎక్కడ? మంచివారనుకొనేవారి సంగతి చూడండి. కరటకశాస్త్రి మేనకోడలిని రక్షించడానికి శిష్యుడికి ఆడవేషం వేసి, లుబ్ధావధానులకు అమ్మి, పెళ్ళి చేయించాడు. మధురవాణి అబద్ధమాడని అంకం లేదు. వంచన ఆ నాటకంలో గాలి వంటిది. అందరూ పీలుస్తున్నారు.

అగ్రహారమంతా 'పాజిటివ్' వచ్చే పరీక్షతో ఒక్క గిరీశాన్ని వేరుచేసి రోగి అనడం, టైఫాయిడ్ సీమలో విడాల్ కాగితం చూపి భయపెట్టడం వంటిదే.

బలమైన ఎదురువాదం

నా వాదానికి బలమైన సమాధానం ఒకటి ఉంది. దానిని దాచడం న్యాయం కాదు. డి.ఎస్.ఎం. పట్టిక నేరప్రవర్తనకు ఎక్కువ ప్రాధాన్యం ఇస్తుంది, అసలు చూడవలసినది హృదయశూన్యతను అంటారు కొందరు. 1941లో అమెరికన్ మానసిక వైద్యుడు హార్వే క్లెక్లీ ఇటువంటి వ్యక్తుల లక్షణాలను వివరిస్తూ, పైపై ఆకర్షణను, తెలివిని, నిజాయితీ లేమిని, సిగ్గూ పశ్చాత్తాపమూ లేకపోవడాన్ని పేర్కొన్నాడు. కెనడాకు చెందిన రాబర్ట్ హేర్ ఇరవై అంశాల కొలమానం తయారుచేశాడు. ఒక్కొక్క అంశానికి సున్న నుండి రెండు వరకు మార్కులు, మొత్తం నలభై. ఉత్తర అమెరికాలో సాధారణంగా ముప్పై గాని అంతకు మించి గాని వస్తే సైకోపాత్ అంటారు. వాక్చాతుర్యం, తన గొప్పల మీద నమ్మకం, అలవాటైన అబద్ధాలు, పరాన్నభుక్కు జీవితం, ఇవన్నీ ఆ పట్టికలో ఉన్నాయి. 'గిరీశాన్ని చూసి వ్రాసినట్లు లేదా?' అని అడుగుతారు.

ఉంది. మాటకారితనం వరకు ఉంది. కాని ఆ కొలమానం కథ చదివి మార్కులు వేసేది కాదు. శిక్షణ పొందిన నిపుణుడు, మనిషితో సుదీర్ఘంగా మాట్లాడి, అతని జీవిత రికార్డులతో సరిపోల్చి వేసేది. ఆ ఇరవైలో బాల్యంలోనే మొదలైన ప్రవర్తనా దోషాలు, కౌమారంలోని నేరాలు, పలురకాల నేరచరిత్ర కూడా ఉన్నాయి. గిరీశానికి ఆ గడులన్నీ ఖాళీ. ఇక హృదయశూన్యత సంగతి. మధురవాణి తనను వదిలి రామప్పపంతులు పంచకు చేరుతుంటే గిరీశానికి ఈర్ష్య కలగలేదా? పూటకూళ్ళమ్మ అడుగుల చప్పుడుకు భయం వేయలేదా? సౌజన్యారావు గారి ఎదుట పరువు పోతుందని తల్లడిల్లలేదా? ఈ భయమూ, బిడియమూ, పరువు మీద మమకారమూ మామూలు మనిషివి.

కల్పిత పాత్రలను వైద్యదృష్టితో పరిశీలించరాదని నేను అనను. 2014లో బెల్జియం మానసిక వైద్యులు లైస్టెట్, లింకోవ్‌స్కీ నాలుగు వందల చలనచిత్రాలను ఆధారంగా తీసుకొని, నమ్మదగని పాత్రలను తొలగించి, చివరకు 126 పాత్రలను పరిశీలించారు. వైద్య విద్యార్థులకు బోధించడానికి అటువంటి పరిశీలన ఉపకరిస్తుంది. కాని వారు మొదట చేసిన పని గమనించండి. ఏ పాత్ర పరీక్షకు పనికివస్తుంది, ఏది పనికిరాదు అని వడపోశారు. గిరీశం ప్రహసనపు పాత్ర. ఒక్కొక్క గుణాన్ని పదింతలు చేసి, నవ్వించి, ఆ నవ్వు వెనుక మనకు వాత పెట్టడానికి రచయిత చేసిన బొమ్మ అది. వ్యంగ్యచిత్రంలోని ముక్కును కొలబద్దతో కొలిచి 'ఇది వాపు' అంటే ఎట్లా?

రోగం ఎవరిది?

1897లో ప్రచురించిన మొదటి కూర్పుకు గురజాడ వారు వ్రాసిన ఆంగ్ల పీఠికలో కొన్ని అంకెలు ఉన్నాయి. ప్రతి తెలుగు వైద్యుడూ చదవవలసిన అంకెలు అవి. విజయనగరం మహారాజు ఆనందగజపతి వారు విశాఖపట్నం మండలంలో మూడేళ్ళ కాలంలో బ్రాహ్మణ కుటుంబాలలో జరిగిన కన్యాశుల్క వివాహాల పట్టిక తయారు చేయించారు. లెక్కకు వచ్చినవి 1034. వారిలో అయిదేళ్ళ పిల్లలు 99 మంది. నాలుగేళ్ళవారు 44. మూడేళ్ళవారు 36. రెండేళ్ళవారు ఆరుగురు. ఏడాది పసికందులు ముగ్గురు. ఆ పసికందుల వెల 350 నుండి 400 రూపాయలు.

ఈ లెక్కను మరొక్కసారి చదవండి. ఏడాది బిడ్డను అమ్మిన తండ్రి సోషియోపాతా? కాడు. సంధ్య వార్చుకొనేవాడు, అతిథికి అన్నం పెట్టేవాడు, ఊరిలో పదిమంది చేత పెద్దమనిషి అనిపించుకొనేవాడు. ఆనాటి చట్టం ప్రకారం అతడు నేరస్థుడు కాడు. డి.ఎస్.ఎం. మొదటి లక్షణంలో అతనికి సున్న మార్కులు. మూడేళ్ళలో ఒక్క మండలంలో వెయ్యికి పైగా సోషియోపాత్‌లు పుట్టరు. ఆచారం పుట్టిస్తుంది, దురాశ పుట్టిస్తుంది, నలుగురూ చేస్తున్నారన్న ధైర్యం పుట్టిస్తుంది.

గిరీశానికి ఒక్కనికే రోగనామం తగిలించినప్పుడు మనం చేస్తున్న పని ఇదే. వెయ్యిన్ని ముప్పయినాలుగు మంది పెద్దమనుషులను నిర్దోషులుగా విడిచిపెట్టి, వారి మధ్య తిరిగిన ఒక మాటకారిని ఆసుపత్రికి పంపుతున్నాము. రోగి ఎవరో తేలింది కనుక మిగిలినవారు ఆరోగ్యవంతులు! గురజాడ వారు ఆ నాటకం వ్రాసినది సరిగా ఈ నిద్రను చెడగొట్టడానికే.

నేటి బుచ్చమ్మల సంగతి

'ఒక నాటకపాత్ర గురించి ఇంత పట్టుదల ఎందుకు, డాక్టరు గారూ?' అని మీరు అనవచ్చు. నాటకంలో అలవాటైన నోరు ఇంటిలో ఊరుకోదు గనుక. అల్లుడు అప్పులు చేసి అబద్ధాలాడితే సోషియోపాత్. పై అధికారి కఠినంగా ఉంటే సోషియోపాత్. విడిపోయిన ప్రియుడు సోషియోపాత్. ఈ వాడుక వలన మూడు నష్టాలు ఉన్నాయి.

మొదటి నష్టం బాధితురాలికి. 'అతనిది జబ్బు' అనగానే మన సంసారాలలో తరువాతి మాట 'సర్దుకుపో'. జబ్బుపడిన భర్తను వదలడం ధర్మం కాదని పెద్దలు చెబుతారు. మోసాన్ని మోసం అని, హింసను హింస అని పిలిచినప్పుడు ఆమెకు చట్టం అండగా ఉంటుంది. రోగం అన్నప్పుడు ఆమె నర్సుగా మారిపోతుంది. కొందరు మరొక విధంగా నష్టపోతారు. 'అతడు నిజంగా సోషియోపాతేనా, కాదా?' అని తేల్చుకొనే వరకు ఏ నిర్ణయమూ తీసుకోరు. మీ సొమ్ము పోతుంటే, మీ ఒంటి మీద దెబ్బ పడుతుంటే, అతని రోగనామంతో మీకు పని లేదు.

రెండవ నష్టం మానసిక రోగులకు. రోగం పేరు తిట్టుగా మారిన సమాజంలో ఏ రోగి ధైర్యంగా వైద్యుని దగ్గరకు వస్తాడు? ఒకప్పుడు కుష్ఠు అన్న మాటకు భయపడి మచ్చను దాచుకొని, వేళ్ళు పోయిన తరువాత ఆసుపత్రికి వచ్చిన వారిని నా తరం వైద్యులందరూ చూశారు. మానసిక వ్యాధులకు మళ్ళీ అదే గతి పట్టించవద్దు.

మూడవ నష్టం మన వివేకానికి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని మూడవ సెక్షను ఒక గొప్ప మాట చెబుతుంది. సమాజంలో చెల్లుబాటయ్యే నైతిక, సాంఘిక, సాంస్కృతిక విలువలకు అనుగుణంగా నడవలేదన్న కారణంతో ఎవరినీ మానసిక రోగిగా నిర్ణయించరాదు. ఆ నిబంధన ఎందుకు పెట్టవలసి వచ్చిందో ఆలోచించండి. నేడు గిరీశాన్ని రోగి అన్న నోరే, ఆనాడు అయితే మళ్ళీ పెళ్ళి కోరిన బుచ్చమ్మను పిచ్చిది అని ఉండేది.

సౌజన్యారావు గారి చికిత్స

నాటకం ముగింపులో నాకు ఎంతో ఇష్టమైన విషయం ఒకటి ఉంది. నిజం తెలిసిన తరువాత సౌజన్యారావు పంతులు గిరీశం మనస్తత్వం మీద ఉపన్యాసం ఇవ్వడు. మొదట బుచ్చమ్మకు రక్షణ కల్పిస్తాడు. ఆమెను పూనాలోని వితంతు శరణాలయానికి, చదువుకు పంపే ఏర్పాటు చేస్తాడు. గిరీశాన్ని ఆమెకు దూరం చేసి, బుద్ధిగా చదువుకొని పరీక్ష ప్యాసు కమ్మంటాడు.

అత్యవసర విభాగంలో మేము పాటించే క్రమం సరిగా ఇదే. మొదట గాయపడినవారి ప్రాణరక్షణ. పేరు పెట్టడం తరువాత. అంతేకాదు, గిరీశాన్ని రోగి అనుకొని ఉంటే సౌజన్యారావు గారు అతనికి చదువుకో, మారు అనే షరతు పెట్టేవారు కాదు. షరతు పెట్టడమంటే అతడు తన పనికి బాధ్యుడు, తలచుకొంటే మారగలడు అని ఒప్పుకోవడం. ఆ గౌరవం దగాకోరుకు కూడా దక్కాలి. ఆ బాధ్యత నుండి అతడు తప్పించుకోనూకూడదు.

మీరు చేయవలసినది

సంఘవ్యతిరేక వ్యక్తిత్వ రుగ్మత నిజంగా ఉన్నది. అది సరదా పేరు కాదు. 2013 నాటి డి.ఎస్.ఎం. ఐదవ కూర్పు అంచనా ప్రకారం ఏ సంవత్సరంలోనైనా జనాభాలో 0.2 నుండి 3.3 శాతం మందిలో ఉంటుంది. దానికి ప్రత్యేకించిన మందు లేదు. తరచుగా తాగుడు, మాదకద్రవ్యాలు తోడవుతాయి, వాటికి చికిత్స ఉంది. అసలు అవకాశం బాల్యంలో ఉంది. మీ పిల్లవాడు నెలల తరబడి తోటివారిని, మూగజీవాలను హింసిస్తున్నా, దొంగతనాలు చేస్తున్నా, నిప్పు పెడుతున్నా, బడి ఎగవేస్తున్నా, వాడిని సోషియోపాత్ అనకండి, చావగొట్టకండి. పిల్లల మానసిక వైద్యునికి చూపించండి. పద్దెనిమిదేళ్ళ లోపు ఆ రోగనామాన్ని ఏ వైద్యుడూ పెట్టడు, పెట్టకూడదు. కుటుంబానికి శిక్షణ ఇచ్చి, పిల్లవాడి దారి మళ్ళించే ప్రయత్నం అప్పుడే చేయాలి.

మానసిక సమస్య ఏదైనా సలహా కావాలంటే ప్రభుత్వ టెలీ మానస్ సంఖ్య 14416కు ఫోను చేయండి. ఇంట్లో హింసకు గురవుతున్న స్త్రీలు 181కి ఫోను చేయండి. అక్కడ ఎవరూ మీ భర్తకు ఏ రుగ్మత ఉన్నదని అడిగి, జవాబు చెబితేనే సహాయం చేస్తామనరు.

ఇక గిరీశం. ఉపన్యాసంలో ఒకటి, ఇంటిలో ఒకటి. ఆడపిల్లల చదువు గురించి వేదిక మీద చెప్పి, కొడుకు పెళ్ళిలో కట్నం లెక్క చూసుకోవడం. అప్పు తీర్చకుండా మాటలతో కాలక్షేపం చేయడం. దొరికిపోయినప్పుడు సిగ్గుపడక, ఎత్తు పారలేదని విసుక్కోవడం. ఈ లక్షణాలతో ఎవరైనా మీకు తెలుసా? నాకు చాలామంది తెలుసు. వారిలో ఒక్కరికీ ఆసుపత్రి అవసరం లేదు. కావలసినది ఎదుట నిలిచి 'నీవు చేసినది తప్పు' అనగల నాలుగు గొంతులు. నాటకంలో ఆ గొంతు మధురవాణిది.